అర టికెట్

పొద్దున చిత్తూరు బస్టాండులో
మా లోహిత్‌గాడికి నేను నేర్పిన పాఠం:
కండక్టరు వచ్చినప్పుడు
మోకాళ్ళు రొంత వంచి నా కొంగులో దూరిపో.
"ఎన్నేళ్ళమ్మా వీడికి?"
"ఇంకా అయిదు నిండలేదన్నా."
నిండి ఏడు నెలలు.
నాకూ పాపకూ మా అత్త దొరసానమ్మకూ సున్నా టికెట్లు.
మునిశేఖర్ ఒక్కడికే నిజం టికెట్టు.

పల్ప్ ఫ్యాక్టరీలో సీజను అయిపోయి నాలుగు దినాలు.
చివరి వారం కూలి ఇంకా కవర్లోనే ఉండాది
తోతాపురి వాసన వదలకుండా.
రెండేళ్ళుగా "వచ్చే సీజనుకు" అంటా వచ్చిన మాట,
ఇంక వాయిదా వేస్తే పిల్లోళ్ళు నమ్మరు.

చంద్రగిరి దాటినాక గేటు.
ప్లాస్టిక్ ఏనుగు, తొండంలోంచి నీళ్ళు.
టికెట్ల కిటికీ పక్కన గోడ మీద జిరాఫీ,
దాని మెడ పొడుగునా అంకెలు.
మూడున్నర అడుగులు లేకుంటే ఊరికే పంపిస్తారంట.
వంగు నాయనా, అన్నాను మళ్ళీ.
వాడు వంగినాడు, జుట్టు వంగలేదు.
డబ్బులు కట్టినాం.

గార్డు బ్యాగు వెతికి పులిహోర డబ్బా బయటికి తీసినాడు.
బయటి తిండి లోపలికి రాకూడదంట.
"ఇది బయటిది కాదబ్బా, మా ఇంట్లోదే" అనింది అత్త.
నవ్వినాడు గానీ
డబ్బాకు చీటీ అంటించి బెంచీ కింద పెట్టేసినాడు.
చేతి మీద నీలం చేప ముద్ర.
పిల్లల చేతుల మీద నిండుగా పడింది.
సొన కాల్చిన మచ్చల మధ్య
నాకు తోక మాత్రమే అంటింది.

ఎర్ర జారుడుబండ ముందర ఇంకో జిరాఫీ.
ఈడ నాలుగడుగులు ఉండాల.
మోక్షిత సరిపోయింది, వెనక్కి చూడకుండా మెట్లెక్కేసింది.
వీడు మునివేళ్ళ మీద లేచినాడు,
గడ్డం ఎత్తినాడు, ఊపిరి బిగబట్టినాడు.
మెడలో ఈల వేసుకున్న పిల్లోడు అడ్డంగా తల ఊపినాడు.
వాడు ఏడవలేదు. నన్ను చూసి అడిగినాడు:
"మా, నేను పొట్టిగా ఉండాల్నా, పొడుగ్గా ఉండాల్నా?"
వాళ్ళ నాయన ఐసు కొనిపెడతా రమ్మని పిలుచుకోనిపోయినాడు.

నేను చెప్పులకు కాపలా.
అద్దె నైలాను బట్టల్లో నా కాళ్ళు నాకే కొత్త,
తువ్వాలు కప్పుకొని కూర్చున్నా.
అత్త చీరెతోనే పాదాలు నీళ్ళల్లో పెట్టి
"బోరు నీళ్ళే ఇవి, ఎన్ని మళ్ళు పారేవో" అని
లెక్క వేస్తా ఉంది.

అప్పుడు మోగింది సైరను.
అదే గొంతు.
మా ఫ్యాక్టరీ గేటు మీద పొద్దున ఏడుకు కూసే గొంతు.
ఆలస్యమైతే అరపూట కూలి కోత.
నా చెయ్యి దానంతటదే తలగుడ్డ కోసం తడుముకునింది,
లేచి నిలబడినాను.
చుట్టూ జనం పరిగెత్తుతా ఉండారు,
కేకలేస్తా, నవ్వుకుంటా!
అది కూస్తే అలలు వస్తాయంట.
లోహిత్ యాడినుంచో వచ్చి, ఐసు కారే చేత్తో, నా వేలు లాగినాడు.
తువ్వాలు యాడ పడిందో తెలీదు.
సైరను కూస్తే పరిగెత్తడం పన్నెండేళ్ళ అలవాటు,
నీళ్ళలోకి పరిగెత్తడమే ఇది మొదలు.
మొదటి అల నడుం దాకా,
రెండోది నోట్లోకి, బ్లీచింగు చేదు.
నేను అరిచినానంట.
"అమ్మా, నీకింత పెద్ద గొంతుందని నాకు తెలీదే"
అనింది మోక్షిత.

సాయంత్రం బయట, రెండు ఆటోల సందున నిలబడి
పులిహోర తిన్నాం.
ఎండకు రొంత వాసనొచ్చింది.
ఎవురూ ఆ మాట ఎత్తలేదు.

కాశిపెంట్ల దాటేసరికి వాడు నా ఒళ్ళో నిద్ర.
కాళ్ళు సీటు దాటి వేలాడతా ఉండాయి.
కండక్టరు అలిసిపోయి ఉన్నాడు,
వాణ్ణి చూసీ చూడనట్టు
ఒక టికెట్టే కొట్టబోయినాడు.
"ఒకటిన్నర" అన్నాను.
మునిశేఖర్ నా మొగం చూసినాడు.
"అయిదు నిండింది అన్నా."
వాడు కళ్ళు తెరవకుండానే
కాళ్ళు ఇంకొంచెం చాపినాడు.